మూడో బెల్టు చీటీ

మా పక్కింటి అమ్మాయికి ఈ మధ్యనే ఒక కంపెనీ ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చింది. చేరిన నెలకే ఆమె నెత్తిన ఒక వర్క్‌షాపు పడింది. టీమ్ లెర్నింగ్, లీడర్‌షిప్, కమ్యూనికేషన్ అన్నీ కలిపి రెండు రోజులు. ఆదివారం పూట మా ఇంటికొచ్చి, "బాబాయ్, నువ్వు పన్నెండేళ్లు ఇదే పని సేసేవంట కదా. పాత చార్టులూ ఆటలూ ఏటైనా ఉన్నాయేటి?" అని అడిగింది.

"ఉన్నాయమ్మి, కూర్చో" అని బీరువా తెరిచాను. కళ్లకు గంతలు కట్టే నల్లగుడ్డలు, కాగితాలతో గోపురం కట్టించే ఆట సామాను, వినడం ఎంత గొప్ప గుణమో చెబుతూ రంగు పెన్నులతో నేనే రాసుకున్న పోస్టరు, అన్నీ ఇచ్చేశాను. అడుగున గుండ్రంగా చుట్టిన చార్టు ఒకటి ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసింది. "అది కాదు" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చి ఉంటుంది, పిల్ల బెదిరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రోజు ఆమెకు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మనుషులకు మాట్లాడటం నేర్పే ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు, వాళ్లు మాట్లాడాక ఆ మాటను ఏం చెయ్యాలో కూడా తెలుసుకోవాలి. నాకు తెలుసు. తెలిసీ చెయ్యలేదు.

నేను పనిచేసింది కోరాపుట్ జిల్లాలో ఒక కర్మాగారం. పేరు చెప్పను. ఏం తయారు చేసేదో కూడా చెప్పను, అది చెబితే పేరు చెప్పినట్టే. విజయనగరం వైపు నుంచి ఐటీఐ కాగితం పట్టుకుని ఫిట్టరుగా చేరాను. మా కాలనీలో సగం మంది అటువాళ్లే కాబట్టి పరాయి రాష్ట్రం వచ్చానని ఎప్పుడూ అనిపించలేదు. మోకాలు దెబ్బతిన్నాక నన్ను ట్రైనింగ్‌కి మార్చారు. అప్పటి ట్రైనింగ్ అధికారి నా గురించి రాసిన మాట నాకు బాగా గుర్తు: ఈయన నాలుగు భాషల్లో, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడగలడు. ఆ మాట చదువుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఈ కథలో ముఖ్యమైన మనిషి ఒక బెల్టు ఆపరేటర్. బొబ్బిలి దగ్గరి వాడు. బాయిలర్‌కి బొగ్గు మోసుకెళ్లే పొడవాటి రబ్బరు బెల్టులు వరసగా ఉంటాయి, అందులో మూడోది ఆయన చేతిలో ఉండేది. పనిమంతుడు, కానీ నోరు మంచిది కాదని పేరు. నిజానికి నోరు మంచిదే, మర్యాద తెలిసింది కాదు, అంతే. పై అధికారితో మాట్లాడినా, పక్క మనిషితో మాట్లాడినా ఒకటే గొంతు, ఒకటే మాట.

బెల్టు పక్కన పొడవునా ఒక తాడు ఉంటుంది. ఎవరికైనా ప్రమాదం వస్తే, ఎక్కడున్న వాళ్లయినా ఆ తాడు లాగితే బెల్టు ఆగిపోవాలి. వానాకాలంలో మా కొండల మీద పట్టిన ముసురు వారాల తరబడి వదలదు. తడిసిన బొగ్గు పొడి తాడు స్విచ్చిలో చేరి, ఎవరూ లాగకపోయినా బెల్టు ఆగిపోతూ ఉండేది. ఆగిన ప్రతిసారీ బాయిలర్ నుంచి ఫోను, పైనుంచి ఇంకో ఫోను. అందుకని ఎవరో ఆ స్విచ్చిని కదలకుండా ఇనుప తీగతో కట్టేశారు. ఎవరు కట్టారో అందరికీ తెలుసు, ఎవరు కట్టమన్నారో కూడా తెలుసు. కాయితం మీద మాత్రం ఎక్కడా లేదు. వానలు వచ్చినప్పుడల్లా అలా కట్టుకోవడం మాకు గొడుగు తీసుకెళ్లినంత మామూలు.

ఆపరేటర్ ఒకసారి ఆ తీగ విప్పేశాడు. ఒక్క షిఫ్టులో బెల్టు నాలుగుసార్లు ఆగింది. షిఫ్టు ఇంజనీరు వచ్చి కేకలేస్తే, ఈయన అందరి ముందూ ఆ ఇంజనీరు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తాడు. తీగ మళ్లీ కట్టారు. ఈయనకు మెమో ఇవ్వకుండా వాళ్ల డిపార్ట్‌మెంట్ పెద్ద ఒక తెలివైన పని చేశాడు. కమ్యూనికేషన్ సరిగా లేదు, శిక్షణ అవసరం అని రాసి నా వర్క్‌షాపుకి పంపాడు. నా దగ్గరికి చాలామంది అలాగే వచ్చేవాళ్లు. మా వర్క్‌షాపు అంటే కొందరికి పిక్నిక్కు, కొందరికి శిక్ష.

వర్క్‌షాపు రాయగడలో ఒక హోటల్ హాల్లో పెట్టాం. కంపెనీ బస్సు పొద్దున్నే బయల్దేరింది. లక్ష్మీపూర్‌లో ఆగి, గారెల్లాంటి బడాలు తిని, టీ తాగి, ఘాట్ రోడ్డు దిగి వెళ్లాం. పాతికమంది దాకా ఉన్నారు. మొదటి వరసలో ఆ డిపార్ట్‌మెంట్ పెద్ద. రెండో రోజు సాయంత్రం ముగింపు సభకి కోరాపుట్ నుంచి ఇంకా పై అధికారి వస్తాడు, సర్టిఫికెట్లు ఇస్తాడు, ఫోటోలు తీయించాలి. నా బుర్రంతా ఆ ఫోటోల మీదే ఉంది.

మొదటి ఆట పరిచయాలు. ఒక్కొక్కరూ లేచి తన టీములో బాగా నమ్మకమున్న మనిషి గురించి చెప్పాలి. అందరూ ముందు వరసలో కూర్చున్నాయన్ని చూస్తూ ఆయన గురించే చెప్పారు. ఆపరేటర్ వంతు వచ్చింది.

"నా టీములో నలుగురుమండి. అందులో ముగ్గురు కాంట్రాక్టోలు. ఆలు గేటు బైటే ఉండిపోయేరు, మీ బస్సు ఎక్కనేదు. అందులో ఒక దేశియా ఆయన ఉన్నాడు, లక్ష్మీపూర్ అవతల ఊరు. నాకు ఆడి మీదే నమ్మకం. నాను సెయ్యెత్తితే ఆగుతాడు, సెయ్యి దించితే కదులుతాడు. మాటలు అక్కర్లేదు."

వెనక ఎవరో నవ్వారు. కాంట్రాక్టు మనిషి, అందులోనూ అక్కడి కొండల్లో పుట్టి దేశియా భాష మాట్లాడే మనిషి, మా లెక్కలో టీమ్ కాదు కాబట్టి. ఆయన పట్టించుకోలేదు.

"చైత్రంలో ఆల పండగ, చైత పరబ్ వచ్చిందంటే ఆలింటికే ఎల్తానండి, ఏటేటా. గుమ్మం కాడికెల్లగానే ఆడి పెళ్లాం ఇత్తడి లోటాతో నీళ్లు తెచ్చి ఇత్తాది, కాళ్లు కడుక్కోమని. నీళ్లిచ్చేరంటే ఇంట్లో మనిషి కింద లెక్క. ఆ తరవాతే మాటలు. మా అన్నదమ్ములు కూడా నన్నలా సూడరు."

నేను "వెరీ గుడ్" అని చప్పట్లు కొట్టించాను. అంతకన్నా గొప్ప టీమ్ లెర్నింగ్ పాఠం ఆ రెండు రోజుల్లో నేను చెప్పిందేమీ లేదు. అప్పుడు నాకది తట్టలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, నాయకుడు చెడు వార్త ఎలా వినాలి అన్న విషయం మీద మాట్లాడుతున్నాను. ఆపరేటర్ లేచాడు. "సార్, సెడు వార్త అంటన్నారు కదా. నా కాడ ఒకటుంది" అని, ముందు వరసలో కూర్చున్న తన డిపార్ట్‌మెంట్ పెద్దాయన వీపు కేసి చూస్తూ మొదలెట్టాడు. మూడో బెల్టు, తోక అని మేం పిలిచే దాని వెనక చివర తాడు, తీగ కట్టడం, అన్నీ. పెద్దాయన వెనక్కి తిరగలేదు, మెడ మాత్రం ఎర్రబడింది. గోడ గడియారం చూశాను. టీకి పది నిమిషాలు, పై అధికారి రావడానికి ముప్పావు గంట.

మా పనిలో ఇలాంటప్పుడు వాడే ఒక ఉపాయం ఉంది, మీకూ నేర్పే ఉంటారు. గోడకి ఒక తెల్ల చార్టు అంటించి పైన పార్కింగ్ లాట్ అని రాస్తాం. చర్చ దారి తప్పినప్పుడు ఆ విషయాన్ని చీటీ మీద రాయించి అక్కడ అంటిస్తాం. తర్వాత చూద్దామని అర్థం. దానికో నియమం కూడా ఉంది. వర్క్‌షాపు ముగిసిన వారం లోపల ఆ చీటీలన్నీ టైపు చేయించి సంబంధించిన శాఖలకీ, భద్రతా విభాగానికీ పంపాలి. మా మాన్యువల్‌లో ఆ నియమం రాసింది నేనే.

"చాలా ముఖ్యమైన విషయం" అన్నాను, నా నాలుగు భాషల మెత్తటి గొంతుతో. "ఇది ఇప్పటి అంశం కాదు కాబట్టి ప్రస్తుతానికి పార్క్ చేద్దాం. ఒక చీటీ మీద రాసి అంటించండి."

ఆయన పసుపు చీటీ తీసుకుని, టేబుల్ మీద వంగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు రాశాడు. కింద సంతకం చేసి టోకెన్ నంబరు కూడా వేశాడు. చార్టుకి అంటించి వెనక్కి తిరిగి, "సార్, ఇది సైకిల్ స్టాండేటండి? సైకిల్ స్టాండులో అయితే సీటీ ఇత్తారు, సాయంత్రం సూపించి మన సైకిలు మనం తెచ్చుకుంటాం. నాకేటి ఇత్తారు?" అన్నాడు.

హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వేశాను. బిగుసుకున్న గది ఆ నవ్వుతో సడలింది. టీ దగ్గర పెద్దాయన నా భుజం తట్టి, బాగా హ్యాండిల్ చేశారని మెచ్చుకున్నాడు. అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. "ఆ చీటీలవీ పైకి పంపించకండి. మా డిపార్ట్‌మెంట్ విషయాలు మేం చూసుకుంటాం కదా" అన్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు, ఆర్డరూ వెయ్యలేదు. మామూలుగా అన్నాడు, నేను మామూలుగా తలూపాను. చార్టుని చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ట్రైనింగ్ సెంటర్ బీరువాలో పెట్టేశాను. రిపోర్టులో మాత్రం ఉద్యోగులు మనసు విప్పి మాట్లాడారని రాసి, ఆ చార్టు ఫోటో అక్షరాలు కనిపించనంత చిన్నది చేసి అతికించాను.

పదిహేను రోజులు గడవలేదు. పొద్దున్న షిఫ్టు, ముసురు. మూడో బెల్టు తోక దగ్గర తడి బొగ్గు పేరుకుపోతే ఆ దేశియా ఆయన పారతో తీస్తున్నాడు. బెల్టు ఆపి చెయ్యాల్సిన పని అది. ఆపితే ఫోన్లు వస్తాయి కాబట్టి ఎవరూ ఆపరు. ఆయన మెడలో తువ్వాలు బెల్టుని తిప్పే డ్రమ్ముకి చిక్కింది. ఆపరేటర్ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. చూసిన వెంటనే తాడు లాగాడు. తాడు వదులుగా చేతిలోకి వచ్చేసింది, బెల్టు ఆగలేదు. మెయిన్ స్విచ్చి పెట్టె దాకా అరుచుకుంటూ పరుగెత్తి ఆపేటప్పటికి ఏమీ మిగల్లేదు.

నేను వెళ్లి చూడలేదు. ట్రైనింగ్ సెంటర్ కిటికీలోంచి అంబులెన్సు వెళ్లడం చూశాను, తొందర లేకుండా తిరిగి రావడం కూడా చూశాను. ఎవరో వచ్చి మూడో బెల్టు అని చెప్పగానే నా కళ్లు బీరువా మీదికి వెళ్లాయి. మొదట జాలి కలగలేదు, భయం వేసింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

విచారణకి ముగ్గురితో కమిటీ వేశారు. అప్పటికి స్విచ్చికి కట్టిన తీగ ఎవరో తీసేశారు. తాడు ఎందుకు పనిచెయ్యలేదంటే, నిర్వహణలో చిన్న లోపం అన్నారు. ఆ లోపం ఆపరేటర్‌కి తెలుసా లేదా, తెలిస్తే పైకి ఎందుకు చెప్పలేదు, కమిటీ పట్టుకున్న ప్రశ్న అది. నోటితో చెప్పానంటే నమ్మరు, రాతపూర్వకంగా ఏముంది అంటారు. హాల్లో విన్న పాతికమందిలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ చీటీ. అది ఆయన దగ్గర కాదు, నా దగ్గరుంది.

నన్ను సాక్షిగా పిలిచారు. వెళ్లే ముందు పెద్దాయన వరండాలో టీ తెప్పించి, "మీకింకా రెండేళ్లే కదా సర్వీసు" అన్నాడు. అంతే. తర్వాత వర్షాల గురించి మాట్లాడాడు.

గదిలోకి వెళితే ఆపరేటర్ ఒక పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఆయన్ని ఇస్త్రీ చొక్కాలో అదే మొదటిసారి చూడటం. నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఇదిగో సారొచ్చేరు. సార్నే అడగండి. సీటీ రాసి సారి ముందే అంటించేను" అన్నాడు కమిటీతో.

వాళ్లు అడిగారు. నేను చెప్పింది మాటకి మాట గుర్తుంది. "వర్క్‌షాపులో చీటీలు చాలా వస్తాయండి. అవి శిక్షణలో భాగం మాత్రమే. ఏ చీటీలో ఏముందో నాకు గుర్తు లేదు. కార్యక్రమం అయ్యాక చార్టులు సాధారణంగా పారేస్తాం."

అందులో సాధారణంగా అన్న మాట ఒక్కటే నిజం. మిగతా చార్టులు పారేస్తాం. అదొక్కటి పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదో నాకిప్పటికీ తెలియదు, ఎందుకు తీసుకెళ్లి బల్ల మీద పెట్టలేదో మాత్రం తెలుసు.

ఆపరేటర్ అరుస్తాడనుకున్నాను. నా పుట్టుపూర్వోత్తరాలు కూడా ఎత్తుతాడనుకున్నాను. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆయన నా వంక చూసి, తలదించుకుని, తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకూడదని నేనే నేర్పాను.

రిపోర్టు వచ్చింది. ప్రమాదానికి ముఖ్య కారణం కమ్యూనికేషన్ లోపం. ఆపరేటర్ తనకు తెలిసిన లోపాన్ని పై అధికారులకు తెలియజేయలేదు. ఆయన్ని బెల్టు నుంచి తీసి, స్క్రాప్ యార్డులో కాపలాకి వేశారు. కాంట్రాక్టరు మనిషి ఒకడు ఆ ఊరు వెళ్లి, రిపోర్టులో సంగతి దేశియాలో వివరించి వచ్చాడు: మీ మనిషి పక్కనున్నవాడికి తాడు పాడైందని తెలుసు, నోరు విప్పలేదు.

తర్వాతి చైత పరబ్‌కి ఆపరేటర్ ఆ ఊరు వెళ్లాడని విన్నాను. గుమ్మం దగ్గర గంటసేపు నిలబడ్డాడట. ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. లోటాతో నీళ్లు మాత్రం ఎవరూ తేలేదు. నిలబడి నిలబడి తిరిగొచ్చేశాడు. మళ్లీ ఎప్పుడూ అటు వెళ్లలేదు.

కమిటీ ఒక సిఫార్సు కూడా చేసింది. ఇలాంటివి మళ్లీ జరగకుండా ఆ డిపార్ట్‌మెంట్ అంతటికీ కమ్యూనికేషన్ మీద వర్క్‌షాపు పెట్టాలి. పెట్టాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పెట్టాను కూడా. పొద్దున్నే అలవాటు కొద్దీ గోడకి తెల్ల చార్టు అంటించి పైన పార్కింగ్ లాట్ అని రాశాను. రాశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు, తీసేస్తే ఇంకా బాగుండదని వదిలేశాను. సాయంత్రం దాకా ఒక్క చీటీ పడలేదు. టీ అప్పుడు దాని పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లు దాన్ని చూడకుండా వెళ్లారు. రిపోర్టులో పెండింగు విషయాలేమీ లేవని రాశాను. నా ఉద్యోగంలో అంత నిజమైన వాక్యం ఇంకొకటి రాయలేదు.

రిటైరయ్యే రోజు ఆ పాత చార్టు మిగతా సామానుతో పాటు ఇంటికి తెచ్చుకున్నాను. రాయగడలో ఇల్లు తీసుకున్నాను. ఇన్నేళ్లూ అది బీరువా అడుగున ఉంది. పక్కింటి పిల్ల దాని మీద చెయ్యి వెయ్యకపోతే ఇంకా అక్కడే ఉండేది.

ఆమె వెళ్లాక రబ్బరు బ్యాండు తీద్దామని పట్టుకుంటే పుటుక్కున తెగిపోయింది. చీటీ రంగు వెలిసింది గానీ అక్షరాలు చక్కగా ఉన్నాయి. "మూడో బెల్టు తోక కాడ తాడు తీగెట్టి కట్టీసినారు. లాగితే బెల్టు ఆగదు. ఎవులికో ఒకలికి పానం మీదికొస్తాది. నాను సెప్పి సెప్పి ఇసిగిపోయి రాస్తన్నాను." కింద సంతకం, టోకెన్ నంబరు.

ఆయన కూడా రిటైరై రాయగడ శివార్లలోనే ఉంటున్నాడని నాకు ఎప్పటి నుంచో తెలుసు. బజార్లో రెండుమూడుసార్లు దూరం నుంచి చూసి పక్క సందులోకి తిరిగిపోయాను. ఈసారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, "రండి సార్" అని గోనెపట్టా సర్దాడు. నేను కూర్చోకుండానే చీటీ తీసి చేతికిచ్చాను.

కళ్లజోడు తెచ్చుకుని చదివాడు. మళ్లీ చదివాడు. "ఇన్నాళ్లూ ఎక్కడెట్టేరండి?"

"బీరువాలో."

"బాగానే ఉంచేరు. తడి తగల్లేదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. తప్పు చేశాననీ, భయపడ్డాననీ, ఇప్పుడైనా కంపెనీకి ఉత్తరం రాస్తాననీ ఏదేదో చెప్పాను. ఆయన చివరిదాకా విని, చీటీ మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇది నాకెందుకు సార్? నాను రాసేనని నాకెరికే కదా. గుర్తు నేదన్నది మీరు."

తర్వాత చింతపండు వైపు చూస్తూ, "సెప్పాలనుంటే ఆ ఊరెల్లి సెప్పండి. ఆ మడిసి పెళ్లాంతో సెప్పండి. నాను ఎవరికీ సెప్పలేదని అనుకుంటంది ఆవిడ" అన్నాడు.

"రేపు పొద్దుటి బండికి వెళ్తాను. మీరూ రండి."

"నాను రాను. ఆ గుమ్మం కాడ ఒకపాలి నిలబడ్డాను, సాలు."

మర్నాడు పొద్దున్న స్టేషన్‌కి వెళితే టికెట్ కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. రెండు టికెట్లు తీసుకున్నాను. రైల్లో సొరంగాలు దాటుతున్నంతసేపూ ఇద్దరం చెరో కిటికీ చూస్తూ కూర్చున్నాం. లక్ష్మీపూర్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాం. ఆయన ఆటో దగ్గరే ఆగిపోయాడు. నేను ఒక్కడినే ఇంటి ముందుకి నడిచాను.

చనిపోయినాయన భార్య చేటతో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నేనెవరో చెప్పి, నాకొచ్చిన దేశియాలో మొత్తం చెప్పాను. ప్రమాదానికి ముందే ఆటో దగ్గరున్న ఈయన తాడు సంగతి రాసిచ్చాడని, ఇదే ఆ కాయితమని. ఆమె చేట పక్కన పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని చీటీ అందుకుంది. ఆమెకు చదువు రాదు, పైగా అది తెలుగు. అయినా ఒక్కో వరుస మీదా వేలు పెట్టి కిందిదాకా చూసింది.

చివరికి ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ రోజు ఈ కాయితం ఎవరి దగ్గరుంది?"

నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అంత సూటి ప్రశ్న ఏ కమిటీ నన్ను అడగలేదు. అడగకుండా ఉండటానికే కమిటీలు వేస్తారేమో కూడా. "నా దగ్గర" అన్నాను.

ఆమె చీటీని కొంగులో ముడి వేసుకుంది. తలెత్తి దూరంగా ఆటో దగ్గర నిలబడ్డ మనిషిని చూసింది. చాలాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇక రాదనుకుని నేను వెనక్కి తిరిగాను.

అప్పుడు బయటికొచ్చింది. చేతిలో ఇత్తడి లోటా. నీళ్లు తొణుకుతుండగా నా పక్కనుంచే నడిచి, నన్ను దాటి, వాకిలి దాటి ఆటో దాకా వెళ్లింది. రెండు చేతులతో లోటా ఆయనకి అందించింది. ఆయన వెంటనే తీసుకోలేకపోయాడు. తర్వాత చెప్పులు విప్పి, వంగి, నెమ్మదిగా రెండు కాళ్లూ కడుక్కున్నాడు. ఆమె వెనక నడిచి, నా ముందు నుంచే ఇంట్లోకి వెళ్లాడు.

నాకు నీళ్లు ఇవ్వలేదు. ఇస్తారని నేనూ అనుకోలేదు. ఆటోలో కూర్చుని ఎదురుచూశాను. లోపలి నుంచి మాటలు వినిపించాయి, మధ్యలో ఒకసారి ఏడుపు వినిపించింది, అది ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

కంపెనీకి ఉత్తరం రాశాను. ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చార్టు మాత్రం పక్కింటి అమ్మాయికి ఇచ్చేశాను, పసుపు చీటీ ఉన్న చోట చతురస్రంగా తెల్లటి మచ్చ కనిపిస్తున్న ఆ చార్టునే. దీన్ని వర్క్‌షాపులో గోడకి అంటించవద్దనీ, నీ టేబుల్ మీద అద్దం కింద పెట్టుకోమనీ చెప్పాను. ఎందుకు బాబాయ్ అని అడిగింది, ఇదంతా అందుకే రాశాను.

ఆ రోజు ఆయన ఇంట్లోంచి బయటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆటో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. రోడ్డు ఎక్కాక నా వైపు చూడకుండానే అన్నాడు.

"లక్ష్మీపూర్ బజార్లో దిగుదాం సార్. పొద్దుటి నుంచి మీరేటీ తాగనేదు."